రంపపు పొట్టు, రాతి పిండి

పెంకుటిల్లు చూసినవాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. మధ్యాహ్నంపూట పెంకుల సందులోంచి సన్నని ఎండకిరణం నేలమీద పడుతుంది. అందులో లెక్కలేనన్ని నలుసులు పైకీ కిందికీ తిరుగుతూ మిలమిల మెరుస్తాయి. చెయ్యి చాచి పట్టబోతే ఒక్కటీ చేతికి చిక్కదు. కిరణానికి అటూ ఇటూ ఉన్న గాలి మాత్రం చాలా శుభ్రంగా ఉన్నట్టు కనపడుతుంది. నిజానికి నలుసులు గదినిండా ఉన్నాయి. ఎండ పడినచోట మన కంటికి దొరికాయి, అంతే.

ఈ నలుసుల మీద జాన్ టిండల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చక్కని ప్రయోగం చేశాడు. 1870లో లండను నగరంలో ఆయన దీన్ని గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. చీకటిగదిలో బలమైన దీపకాంతిని కిరణంగా పంపి, ఒక గాజుగొట్టంలోంచి తన ఊపిరిని ఆ కిరణం మీదికి మెల్లగా వదిలాడు. మొదట వచ్చిన గాలి కిరణంలో తెల్లగా మెరిసింది; అంటే అందులో దుమ్ము ఉన్నదన్నమాట. ఊపిరి చివరికి వచ్చేసరికి కిరణం మధ్య నల్లని రంధ్రం పడినట్టయింది. ఆ గాలిలో ఒక్క నలుసైనా లేదు. ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చిన గాలి అంత శుభ్రంగా ఉన్నది!

ఇది విని సంతోషించవలసిన పని లేదు. లోపలికి వెళ్ళేటప్పుడు ఆ గాలిలోనూ దుమ్ము ఉన్నది. బయటికి వచ్చేటప్పుడు లేదు. మరి ఆ దుమ్మంతా ఎక్కడ ఆగిపోయింది?

మన శరీరం ఇందుకు కొంత ఏర్పాటు చేసుకునే ఉన్నది. ముక్కులోని వెంట్రుకలు పెద్ద నలుసులను ఆపుతాయి. వాటిని దాటినవి ముక్కులోనూ గాలిగొట్టంలోనూ ఉండే జిగటకు అంటుకుంటాయి. గాలిగొట్టం లోపలి గోడలకు కంటికి కనపడని నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టుగా ఈ నూగు ఎప్పుడూ ఊగుతూ, దుమ్ము పట్టిన జిగటను గొంతుదాకా తోసుకువస్తుంది. మనం దాన్ని తెలియకుండానే మింగేస్తాం, లేదా దగ్గి ఉమ్మేస్తాం. దుమ్ములో ఆడుకుని వచ్చిన రోజున ముక్కు చీదితే నల్లగా వస్తుంది, చూడలేదూ? అది ఆగిపోయిన దుమ్ము. దాన్ని గురించి బెంగ అక్కరలేదు.

బెంగపడవలసింది ఆగకుండా పోయినదాన్ని గురించి. గాలిగొట్టం చెట్టుకొమ్మల్లా చీలి, చీలి, చివరకు చిన్న చిన్న గాలితిత్తులుగా ముగుస్తుంది. ఇవి మనిషికి 30 కోట్లకు పైగానే ఉంటాయి. రక్తం గాలిని అందుకునేది ఇక్కడే. ఇక్కడ నూగు లేదు, జిగట లేదు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని మైక్రాను అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 4, 5 మైక్రాన్లకన్న చిన్న నలుసులు అన్ని కాపలాలనూ తప్పించుకుని ఈ తిత్తులదాకా పోగలవు. కంటికి కనపడే దుమ్ముకన్న కనపడని దుమ్మే ప్రమాదకరమనడానికి కారణం ఇది.

పూర్వం వడ్రంగి బాడిసెతో చెక్కినప్పుడు పేళ్ళు లేచేవి. చిత్రిక పడితే ఉంగరాలు తిరిగిన పొరలు రాలేవి. పిల్లలు వాటిని ఏరుకుని చెవులకు తగిలించుకుని ఆడుకునేవారు. చేతిరంపంతో కోస్తే ముతక పొట్టు వచ్చేది. రాతిపనివాడు ఉలితో కొడితే పెచ్చులు లేచేవి. చేతిపనిలో సన్నని ధూళి అసలు లేదని కాదు. మనిషి చేతిబలం ఎంత? ఎంతో సేపు పనిచేస్తే కాస్త ధూళి లేచేది.

1889లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు కరెంటుతో తిరిగే బర్మాకు పేటెంటు పొందారు. 1895లో జర్మనీలో ఫైన్ సోదరులు చేత్తో పట్టుకునే డ్రిల్లు తయారుచేశారు. 1954లో, జర్మనీలోనే, మనం ఇప్పుడు ప్రతి వీధిలోనూ చూసే గ్రైండరు పుట్టింది. ఇవన్నీ మనిషికి గొప్ప మేలు చేశాయి. ఒక పూట పని పావుగంటలో అయిపోతున్నది. అయితే ఒక పూటలో లేచే ధూళి కూడా పావుగంటలోనే లేస్తున్నది. పైగా యంత్రపు చక్రం పెచ్చులు ఊడగొట్టదు. రాతిని నలిపి పిండి చేస్తుంది. గంధంకన్న మెత్తని పిండి!

ఈ పిండి ఎంతసేపు గాలిలో ఉంటుందో లెక్క వేసి చూద్దాం. గాలి కదలని గదిలో మనిషి ముఖం ఎత్తునుంచి, అంటే ఒకటిన్నర మీటర్ల ఎత్తునుంచి, రాతినలుసులను వదిలామనుకుందాం. 100 మైక్రాన్ల నలుసు మూడు నాలుగు సెకన్లలో నేలకు చేరుతుంది. 10 మైక్రాన్లది మూడు నిమిషాలు తీసుకుంటుంది. ఒక్క మైక్రాను నలుసు నేలకు చేరాలంటే నాలుగు గంటలకు పైగా కావాలి! పొద్దున రాయి కోసి, పనివాళ్ళు అన్నానికి వెళ్ళి వచ్చి, ఆ గదిలోనే నడుము వాల్చితే, పొద్దుటి ధూళిని మధ్యాహ్నం కూడా పీలుస్తూనే ఉంటారన్నమాట. గదిలో ఏమీ కనపడదు. "దుమ్ము అణిగిపోయింది" అని అందరూ అనుకుంటారు.

రాళ్ళన్నీ ఒకటి కావు. ఇసుకలో ఉండే సిలికా అనే పదార్థం ఎక్కువగా ఉన్న రాయి ఎక్కువ చెడ్డది. చలువరాతిలో అది కొంచెమే. గ్రానైటులో నాలుగో వంతో, మూడో వంతో ఉంటుంది. ఇసుకరాతిలో ఇంకా ఎక్కువ. ఇటుక, కాంక్రీటు, నేలకు పరిచే టైల్సు, అన్నిటిలోనూ సిలికా ఉన్నది. గాలితిత్తిలో సిలికా నలుసు పడగానే అక్కడ కాపలా తిరిగే కణం ఒకటి వచ్చి దాన్ని మింగుతుంది. సూక్ష్మజీవిని మింగితే అరిగించుకోగలదు గాని, రాతిని ఎలా అరిగించుకుంటుంది? ఆ కణమే చచ్చిపోతుంది. నలుసు బయటపడుతుంది. ఇంకొక కణం వచ్చి మింగి, అదీ చస్తుంది. ఇలా జరిగి జరిగి ఆ చోట గాయం మానిన మచ్చలాంటిది కట్టి గట్టిపడుతుంది. మెత్తగా సాగవలసిన ఊపిరితిత్తి సాగదు. ఈ జబ్బు పేరు సిలికోసిస్. పని మానేసిన తరవాత కూడా ఇది ముదురుతూ ఉండవచ్చు. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఇది ఉన్నవాళ్ళకు క్షయ కూడా సులువుగా సోకుతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. గనులను గురించి అగ్రికోలా అనే జర్మన్ పండితుడు రాసిన పెద్ద గ్రంథం 1556లో అచ్చయింది. కార్పేథియన్ పర్వతాల గనులున్న చోట ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు ఉన్నారని అందులో రాశాడు. ఆ భర్తలందరినీ ధూళే తీసుకుపోయింది. 1700లో ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బులను గురించి ఒక పుస్తకం వెలువరించాడు. రోగిని చూడగానే "నువ్వు ఏం పని చేస్తావు?" అని కూడా అడగాలని వైద్యులకు చెప్పినవాడు ఈయనే. రాళ్ళు చెక్కేవాళ్ళ ఊపిరితిత్తులను కోస్తే కత్తి ఇసుకలో దిగినట్టుండేదని అప్పటి వైద్యులు చెప్పిన మాటను ఈయన తన పుస్తకంలో ఎక్కించాడు.

దీనికి విరుగుడు కూడా పాతదే. నీళ్ళు! అమెరికాలో 1890ల చివర లేనర్ అనే ఆయన రాతిని తొలిచే గనియంత్రానికి బోలుగా ఉన్న ఉక్కుకమ్మీ అమర్చి, దాని గుండా నీళ్ళు పోయే ఏర్పాటు చేశాడు. కమ్మీ మొనదగ్గరే నీళ్ళు పడటంతో ధూళి గాలిలోకి లేవకుండా బురదై కారిపోయింది. అంతకుముందున్న పొడి యంత్రాలకు గనిపనివాళ్ళు ఏం పేరు పెట్టారనుకున్నారు? "విధవలను చేసేది" అని.

ఇంత తెలిసి కూడా ఏం జరిగిందో చూడండి. 1930లో అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో హాక్స్ నెస్ట్ అనే చోట, ఒక నదిని మళ్ళించడానికి కొండను తొలిచి దాదాపు 5 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. ఆ కొండరాయి నిండా సిలికా. పని తొందరగా కావాలని నీళ్ళు లేకుండా పొడిగానే తొలిచారు. పనివాళ్ళలో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని దూరం నుంచి వచ్చిన నల్లజాతివాళ్ళు. సాయంత్రం సొరంగంలోంచి బయటికి వచ్చేసరికి నల్లవాడెవరో తెల్లవాడెవరో తెలిసేది కాదట. అందరూ పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉండేవారు. కొద్ది నెలల్లోనే మనుషులు రాలిపోసాగారు. చనిపోయినవాళ్ళు 109 మంది అని ఒక లెక్క చెప్పారు. చాలా ఏళ్ళ తరవాత ఒక వైద్యుడు జాగ్రత్తగా పరిశోధించి, 700 పైచిలుకు ఉంటారని అంచనా వేశాడు. నీళ్ళ యంత్రం వచ్చి అప్పటికి 30 ఏళ్ళు దాటింది!

అంత దూరం పోనక్కరలేదు. మీ చేతిలోని బలపం సంగతి చూడండి. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్ అనే చోట భూమిలో ఒక రకం మెత్తని రాయి దొరుకుతుంది. ఆ రాతిని కరెంటు రంపాలతో సన్నని పుల్లలుగా కోస్తే బలపాలవుతాయి. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు అక్కడ బలపాలు తయారుచేసే పనివాళ్ళను 593 మందిని పరీక్షించారు. 1985లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. సగానికి పైగా మందికి సిలికోసిస్ ఉన్నది! వాళ్ళలో చాలామంది పడుచువాళ్ళు. ముసలితనం అనేది చూడకుండానే పోయినవాళ్ళు ఆ ఊళ్ళో ఎందరో ఉన్నారు. తరవాత రంపాల దగ్గర ధూళిని పీల్చి తీసేసే పంకాలు అమర్చగా గాలిలో ధూళి బాగా తగ్గింది. బలపంతో "అ ఆ" లు దిద్దిన పిల్లవాడికి దానివల్ల ఏ భయమూ లేదు. ఆ పిల్లవాడు దిద్దుకోవడానికి దాన్ని కోసి ఇచ్చిన మనిషికే అంత కష్టం.

రాతిపిండి మాట సరే, కర్రపొట్టు మంచిదేనా? చాలాకాలం అందరూ మంచిదే అనుకున్నారు. ఇంగ్లండులో హై వైకోంబ్ అనే పట్నం కుర్చీలకు పేరుపడ్డది. 1960లలో అక్కడ హాడ్‌ఫీల్డ్ అనే ముక్కు, చెవి, గొంతు వైద్యురాలూ, ఆచెసన్ మొదలైన వైద్యులూ ఒక విచిత్రం గమనించారు. ముక్కు లోపల వచ్చే ఒక రకం కేన్సరు లోకంలో చాలా అరుదు. అలాంటిది, ఆ పట్నంలో కుర్చీలూ బల్లలూ చేసే వాళ్ళలో మాటిమాటికీ కనపడుతున్నది! బీచి, ఓకు వంటి గట్టి కర్రల సన్నని ధూళిని ఏళ్ళ తరబడి పీల్చడమే కారణమని తేలింది. 1995లో కర్రధూళిని కేన్సరు కలిగించే వాటి జాబితాలో చేర్చారు. ఒకటి రెండు రోజులు వడ్రంగిపని చూసినందుకు ఎవరికీ ఏమీ కాదు. రోజూ చేసేవాళ్ళ సంగతి ఇది. ఈ కాలంలో బీరువాలకూ, వంటింటి అరలకూ వాడే ఎం.డి.ఎఫ్. చెక్కలు కర్రనారను జిగురుతో కలిపి అదిమి చేసినవి. వాటిని కోస్తే లేచే ధూళి మామూలు పొట్టుకన్న చాలా సన్నం.

ఇల్లు కట్టేచోట బండలు కోసేవాణ్ణి అడిగి చూడండి. "అన్నా, ముక్కుకు ఏదైనా కట్టుకోరాదా?" అంటే, "మాకు అలవాటైపోయింది తమ్ముడూ" అంటాడు. ముక్కుకు అలవాటవుతుంది, నిజమే. కొన్నాళ్ళకు తుమ్ములు తగ్గుతాయి. ఊపిరితిత్తికి మాత్రం ఎన్నాళ్ళయినా అలవాటు కాదు. అడిగితే మెడలోని తువ్వాలు తీసి ముక్కుకు చుట్టుకుంటాడు గాని, తువ్వాలు నేతలోని సందులు ఎంత ఉంటాయో ఒకసారి దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఒక్క మైక్రాను నలుసుకు ఆ సందులు కోటగుమ్మాలంత! తడిపి కట్టుకున్నా ముతక దుమ్ము మాత్రమే ఆగుతుంది. 2020లో కరోనా రోజుల్లో అందరూ విన్న ఎన్ 95 మాస్కు ఇందుకు పనికివస్తుంది. అది మైక్రానులో మూడో వంతు ఉండే నలుసులను కూడా నూటికి 95 వంతులు ఆపుతుంది. అయితే చెంపల పక్కనుంచి గాలి దూరకుండా ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉన్నవాళ్ళకు అది అతుక్కోదు.

నన్ను అడిగితే మాస్కు ఆఖరున చెప్పవలసిన మాట. ముందు ధూళి లేవకుండా చూడాలి. రాయి కోసేటప్పుడు చక్రం తగిలేచోట సన్నని ధారగా నీళ్ళు పడాలి. దీనికి నీటిగొట్టం అమర్చిన యంత్రాలే ఉన్నాయి. మామూలు యంత్రం మీద చెంబుతో నీళ్ళు పోస్తే ధూళి బదులు కరెంటు ప్రాణం తీస్తుంది. ఆ పని ఎవరూ చెయ్యకూడదు. కర్ర తడపడం కుదరదు కనక, కర్ర కోసే యంత్రాలకు వెనక సంచీయో, దుమ్ము పీల్చే గొట్టమో తగిలిస్తారు. ఇవేవీ లేనివాళ్ళు కనీసం పని ఆరుబయట పెట్టుకుని, గాలి వీపువైపు నుంచి వీచేట్టు పక్కకు తిరిగి కూర్చోవచ్చు. అందుకు ఒక్క పైసా ఖర్చు లేదు.

పని అయిన తరవాత అందరూ చేసే పొరపాటు ఒకటున్నది. చీపురు పుచ్చుకుని బరబరా ఊడ్చేస్తారు! నాలుగు గంటలు పట్టి నేలకు దిగిన ధూళి నాలుగు నిమిషాల్లో మళ్ళీ ముఖం ఎత్తుకు లేస్తుంది. పూర్వం మన అమ్మమ్మలు మట్టివాకిలి ఊడ్చేముందు నీళ్ళు చిలకరించేవారు. ఆ తెలివి ఇక్కడ చక్కగా పనికివస్తుంది. నీళ్ళు చల్లి ఊడ్చినా, తడిగుడ్డతో తుడిచినా ధూళి లేవదు.

ఇక యంత్రం సంగతి. 4 అంగుళాల గ్రైండరు చక్రం నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత ఒక అడుగుకు కాస్త ఎక్కువ. రెంటినీ హెచ్చవేస్తే, దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నట్టు తేలుతుంది. ఎంత చురుకైన మనిషైనా ప్రమాదం చూసి చెయ్యి వెనక్కు తీసుకోవడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ కాస్తలో చక్రం 36 చుట్లు తిరిగేస్తుంది! కనక యంత్రం ముందు "జాగ్రత్తగా ఉంటాలే" అన్న మాటకు విలువ లేదు. చక్రం మీద ఉండే ఇనపరేకు తొడుగే మనిషిని కాపాడుతుంది. పని కనపడటం లేదని చాలామంది ముందుగా ఊడదీసేది దాన్నే. ఇంకా ఘోరం ఏమంటే, రాయికో ఇనుముకో తగిన గ్రైండరుకు కర్రకోసే పళ్ళచక్రం బిగించి వాడుతుంటారు. ఆ పళ్ళు కర్రలో పట్టుకుని యంత్రం ఒక్క ఉదుటున మనిషిమీదికి ఎగురుతుంది. వేళ్ళు పోగొట్టుకున్న వడ్రంగులను అడిగితే కొందరు ఈ కథే చెబుతారు.

కళ్ళద్దాలు పెట్టుకోవడం అందరికీ తెలిసిన సంగతే, చెయ్యడమే తక్కువ. తెలియని సంగతి ఒకటి చెబుతాను. డ్రిల్లు దగ్గరా, బొమ్మలు తిప్పే లేతు దగ్గరా చేతితొడుగులు వేసుకోకూడదు. రక్షణ కదా అనిపిస్తుంది. కాని తొడుగు కొస ఒక్కటి తిరిగే ములుకుకు చుట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. గాజులు, గడియారం, జారిన పైట, వేలాడే జడ, చొక్కా చేతులు, అన్నీ ఇంతే. కోసే చెక్కను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో యంత్రం పట్టడం కూడదు. చెక్కను బల్లకు బిగించి, రెండు చేతులూ యంత్రం మీద ఉంచాలి. చక్రం మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు ఊడదీసి, అది తన కంటికి కనపడేచోట పెట్టుకోవాలి. లేకపోతే అవతల గదిలోంచి ఎవరో "కరెంటు పోయిందేమో" అని స్విచ్చి వేస్తారు.

మరి పిల్లలు ఏం చెయ్యాలి? యంత్రం తిరుగుతుంటే దాని దగ్గరికి పోకూడదు. పెద్దలు కోస్తుంటే పట్టుకోవడానికి సాయం పోకూడదు. కాని చెయ్యదగిన పనులు లేకపోలేదు. ఇంట్లో బండలు కోయించే రోజున మంచినీళ్ళ బిందె మీద మూతపెట్టి, ఆరిన బట్టలు లోపలికి తెచ్చి, చంటిపాప నిద్రపోతున్న గది తలుపులు మూసి, తలుపు కింది సందులో తడిగుడ్డ దోపవచ్చు. పనివాళ్ళకు అన్నం తినే చోటు ధూళికి దూరంగా చూపించవచ్చు. చేతులూ ముఖమూ కడుక్కోవడానికి నీళ్ళు తోడి ఇవ్వవచ్చు.

రాతిపనిచేసే నాన్న గాని, అన్న గాని మీ ఇంట్లో ఉంటే, సాయంత్రం ఆయన బట్టలు ధూళితో నిండి ఉంటాయి. వాటిని ఇంట్లో దులపకూడదు. ఆయన రాకముందే పెరట్లో ఒక బకెట్టు నీళ్ళూ, ఉతికిన పంచె సిద్ధంగా ఉంచండి. ధూళిబట్టలు అక్కడే నీళ్ళలో పడేసి, స్నానం చేసి వచ్చి, అప్పుడు చంటిపాపను ఎత్తుకుంటాడు.